కాలిప్సో అంటే ఈకల కిరీటాలేనా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో జరిగే కార్నివాల్ పండుగ మీద వచ్చిన కథనం చదివినప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. పేజీ నిండా ఈకల కిరీటాల ఫొటోలు వేసి, అక్కడి పాటల సంప్రదాయమైన కాలిప్సోను హుషారుగా చిందులేయించే పాట అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కాలిప్సో పాటగాడు హోలిస్ లివర్‌పూల్ పేరు ఎక్కడా లేదు. ఒకప్పుడు మన పత్రికల్లో పరాయి దేశపు కళ గురించి రాసేవారు నాలుగు పుస్తకాలు తిరగేసి రాసేవారు. ఇప్పుడు ఫొటోలు దొరికితే వ్యాసం పూర్తయినట్టే భావిస్తున్నారు.

ఈ లివర్‌పూల్ వృత్తిరీత్యా బడిపంతులు. పాటగాడిగా ఆయన పెట్టుకున్న పేరు ‘మైటీ చాక్‌డస్ట్’, అంటే సుద్దపొడి. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా చేతులకు అంటుకున్న ఆ తెల్లపొడిని ముప్పై ఏళ్లకు పైగా దులుపుకున్న నాకు ఆ పేరు వింటేనే ఆత్మీయంగా ఉంటుంది. ఉపాధ్యాయులు విదేశాలకు పోతే మేధోవలస అని గగ్గోలు పెట్టేవారు, పాటగాళ్లూ వాద్యకారులూ వెళ్లిపోతే ఎందుకు పట్టించుకోరని ఆయన 1968లో పాటలో నిలదీశారు. ప్రభుత్వ ఉపాధ్యాయుడు ఇలా పాడడమేమిటని విద్యాశాఖ అభ్యంతరం చెబితే, దానికి జవాబునూ పాటగానే కట్టి వినిపించారు. సాహిత్య సభలో ఒక పద్యం చదివినందుకు పై అధికారికి సంజాయిషీ రాసిచ్చి తలదించుకున్న నాకు, ఆ ధైర్యం విలువ ఎంతటిదో తెలుసు.

కార్నివాల్ సమయంలో జరిగే కాలిప్సో పోటీలో విజేతకిచ్చే కాలిప్సో మొనార్క్ కిరీటం ఆయన తొమ్మిది సార్లు గెలిచారు. మొదటిది 1976లో, తొమ్మిదోది 2017లో, డెబ్బై అయిదేళ్ల వయసులో. అప్పటికి అక్కడి చట్టాల ప్రకారం హిందూ బాలికకు 14 ఏళ్లకు, ముస్లిం బాలికకు 12 ఏళ్లకు పెళ్లి చేయవచ్చు. ముసలివాళ్లు చిన్నపిల్లలను కట్టుకోవడాన్ని ఆయన బడిలో చెప్పే భాగహారం లెక్కగా మార్చి, 14లోకి 75 పోదని పాడి ఎండగట్టారు. ఆ ఏడాది జూన్‌లోనే అక్కడి పార్లమెంటు పెళ్లి వయసును అందరికీ 18గా మార్చింది. 1845 నుంచి 1917 వరకు కూలి ఒప్పందాల మీద ఆ దీవికి వెళ్లిన భారతీయుల్లో మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ చట్టాలు వారి వారసులవి కూడా కనుక ఈ పాట మనకు సంబంధం లేనిది కాదు.

ఇంత చేసిన మనిషి మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, 1763 నుంచి 1962 దాకా కార్నివాల్ చరిత్రను పుస్తకంగా రాశారు. బానిసల సంతతి ఊరేగింపుల మీద పోలీసులు విరుచుకుపడిన 1881 నాటి ఘర్షణలు, ఆ వెంటనే డప్పుల మీద వచ్చిన ఆంక్షలు తెలిసినవారెవరూ ఆ పండుగను రంగుల వినోదంగా మాత్రమే చూడలేరు.

మీరు సవరణ వేయాలని నేను అడగడం లేదు. ఆ కథనానికి ఇచ్చిన చోటులో సగమైనా ఇచ్చి, ఈ సుద్దపొడి పంతులు గురించి తెలిసిన వారి చేత ఒక వ్యాసం రాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి