‘బండ్లు’ అన్నా మార్కు ఇవ్వాలి

సంపాదకులకు,

వృద్ధుల మతిమరుపు పరీక్షల్లో తరచూ వాడే ‘మోకా’ (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్) అనే పరీక్షలో ‘రైలుకూ సైకిలుకూ పోలికేమిటి?’ అని ఓ ప్రశ్న ఉంది. ‘ప్రయాణ సాధనాలు’ అంటే ఒక మార్కు, ‘రెండిటికీ చక్రాలుంటాయి’ అంటే సున్నా. తర్వాతి జంట గడియారం, స్కేలు. బడి ముఖం చూడని మనిషికి స్కేలుతో పనేం పడింది? 12 ఏళ్లు, అంతకంటే తక్కువ చదివినవారికి ఒక మార్కు కలుపుతారు. ఇంటర్ చదివినవారికీ, అసలు పలక పట్టనివారికీ అదే ఒక్క మార్కు! 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. వృద్ధుల్లో అంతకంటే తక్కువ.

1931-32లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో సోవియట్ మనస్తత్వవేత్త లూరియా సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపి, వీటిలో చేరనిదేదని అడిగాడు. చదువురాని రైతులు దేన్నీ తీసేయలేదు. దుంగ లేకపోతే రంపంతో పనేమిటన్నది వాళ్ల లెక్క. వాళ్ల మెదళ్లకేమీ జబ్బు లేదు.

మన భాషలో ఇంకో మెలిక ఉంది. అరటికీ మామిడికీ పోలిక అడిగితే ‘పండ్లు’ అనకుండా ‘కాయలు’ అనేవారున్నారు. పచ్చిదాన్ని పండు అనరు కదా! అదీ జాతి పేరే, పూర్తి మార్కు ఇవ్వాలి. రైలు, సైకిలుకు ‘బండ్లు’ అన్నా అంతే. ‘తొక్క ఉంటుంది’ అంటే ‘ఇంకా ఏ రకంగా ఒకటి?’ అని ఒక్కసారి అడగాలి. రెండోసారి అడిగితే జవాబు అందించినట్టే. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టకూడదు. వినికిడి, కళ్లజోడు, ఆ పూట వేసుకున్న నిద్రమాత్ర ముందే చూసుకోవాలి.

ఇలాంటి పరీక్షల్లో అర్థం చెప్పమని అడిగే సామెతలు మరీ జారుడు నేల. ‘దూరపు కొండలు నునుపు’కు చిన్నప్పుడు బట్టీపట్టిన అర్థాన్ని ముందరి మెదడు దెబ్బతిన్నవారూ గడగడా అప్పజెప్పగలరు. అది జ్ఞాపకం, ఆలోచన కాదు. ‘ఇది ఎలాంటి సందర్భంలో అంటారు?’ అని అడిగితే తేడా తెలుస్తుంది.

పక్షవాతంతో మాట పడిపోయినవారిని నోటి జవాబు అడగడం అన్యాయం. వారికి బొమ్మలు పెట్టాలి: పైన గొడుగు, కింద వాన, ఎండిన ఆకు. ఏది జతో వేలితో చూపిస్తే చాలు. బొమ్మలు పక్కపక్కన పెడితే ఒకవైపు చూపు పోయినవారు ఆ వైపువి చూడరు. అందుకే నిలువుగా, ఎదురుగా పెట్టాలి. రెండింటిలో ఒకటి ఎంచడం కాబట్టి, గుడ్డిగా చూపినా 20లో సుమారు 10 సరిపోతాయి, అదృష్టం కలిసొస్తే ఇంకొన్ని ఎక్కువే. 15 వస్తే తప్ప తెలిసి చెప్పారనలేం.

భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో తయారుచేసిన పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దాన్నే వాడాలి. ఎవరికివారు ప్రశ్నలు మార్చేస్తే, వచ్చిన మార్కును పోల్చడానికి కొలత మిగలదు. మార్కుల కాగితంలో ఎన్నేళ్లు చదివారో రాసే గడి, ప్రతి జవాబునూ వారి మాటల్లోనే రాయడానికి రెండు గీతల చోటు ఉంచితే, తర్వాత చూసే డాక్టరు ఆ సున్నా ఎందుకొచ్చిందో తేల్చుకోగలరు.

— కొందరు క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, హైదరాబాద్