నడిచి వచ్చానని జబ్బు లేనట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మీద వచ్చిన వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను. రెండు పేరాలు రాసేసరికి నా వేళ్లు పట్టు తప్పుతాయి, అందుకే నాలుగు రోజులు పట్టింది. ‘నడుచుకుంటూ శిబిరానికి వచ్చినవాళ్లు కూడా కండరాల జబ్బు అంటున్నారు’ అని రాశారు మీ విలేకరి. పక్కన క్యూ ఫోటో వేశారు. ఆ క్యూలో నేనూ ఉన్నాను. ఆకుపచ్చ చీర, వీపు మాత్రం కనిపిస్తోంది.

అవునండీ, కోవూరు నుంచి బస్సెక్కి, బస్సు దిగి నడుచుకుంటూనే వచ్చాను. నా జబ్బు గొంతులో ఉంది.

దాని పేరు మయస్థీనియా గ్రేవిస్. తొమ్మిదేళ్లుగా ఉంది. నరం నుంచి కండరానికి కబురు అందే చోట మన ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు అడ్డం పడతాయి. కండరం మొదట బాగానే పనిచేస్తుంది, వాడేకొద్దీ అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ కొంత లేస్తుంది. నాకు కనురెప్పలు, దవడ, నాలుక, గొంతు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పొద్దున ఏడింటికి రెండు ఇడ్లీలు మామూలు మనిషిలాగే తింటాను. అదే నేను రాత్రి ఎనిమిదింటికి నాలుగో ముద్దకే దవడ వేలాడేస్తాను. ఎడమ చేత్తో గడ్డం పైకి పట్టుకుని, కుడి చేత్తో కలుపుకుని తింటాను. బుగ్గలో మెతుకులు ఇరుక్కుంటే నాలుక తోసేయలేదు, వేలు పెట్టి తీసుకోవాలి. ఇది ఎదుటివాళ్లు చూస్తుండగా చేయడం ఎంత సిగ్గో చెప్పలేను.

అందరూ గట్టి పదార్థమే మింగడం కష్టమనుకుంటారు. నాకు అన్నిటికంటే భయం మంచినీళ్లంటే. మెత్తగా పిసికిన పెరుగన్నం ఒక ముద్దగా దిగుతుంది. నీళ్లు మాత్రం గొంతు మూసుకునేలోపే ఊపిరి గొట్టం వైపు జారిపోతాయి. పైన అంగిలి లేవకపోతే ముక్కులోంచి బయటికి వస్తాయి. మా ఆడబిడ్డ కూతురి పెళ్లిలో పంక్తిలో కూర్చుని తాగిన మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. పక్కనావిడ లేచి వెళ్లిపోయింది. చారన్నం ఇంకా కష్టం, మెతుకు ఒక దారి, చారు ఒక దారి. ఇక చేపల పులుసు. నెల్లూరులో పుట్టి పెరిగినదాన్ని, బొమ్మిడాయిల పులుసు వాసన వీధి చివర నుంచే గుర్తుపడతాను. కానీ ముల్లు ఏరాల్సింది నాలుక. నా నాలుకకు ఆ పని చేతకాదు. మా అత్తమ్మ ముల్లు తీసి పెడతానంటుంది, ఆమెకు చూపు ఆనదు.

ఈ జబ్బు పేరు తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఒకచోట గ్యాస్ అన్నారు, ఒకచోట థైరాయిడ్ అన్నారు. రెండుసార్లు గొంతులోకి గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నారు. గొట్టంలో పుండో గడ్డో కనిపిస్తుంది గానీ కండరం అలసట ఎలా కనిపిస్తుంది? ‘టెన్షన్ తగ్గించుకోమ్మా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా’ అని మా ఆయన ముందే అడిగారు ఒక డాక్టరు. మా ఆయన ముఖం చిన్నబోయింది. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. చివరికి పినాకిని రైలెక్కి చెన్నై వెళితే అక్కడి నరాల డాక్టరమ్మ ఒకే ప్రశ్న వేసింది: ‘పొద్దునకీ సాయంత్రానికీ తేడా ఉంటుందా?’ నేను ఏడ్చేశాను. ఆ ప్రశ్న అడగడానికి మిషను అక్కర్లేదు కదండీ. తర్వాత రక్తపరీక్ష, నరానికి వరసగా కరెంటు ఇచ్చి చూసే పరీక్ష, ఈ జబ్బుతో ముడిపడి ఉండే థైమస్ గ్రంథి కోసం ఛాతీ స్కాన్ అన్నీ చేశారు.

పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకున్న అరగంటకు గొంతు తెరుచుకుంటుంది, మూడు నాలుగు గంటల్లో మళ్లీ దిగజారిపోతుంది. మా ఇంట్లో వంట టైము ఆ మాత్ర టైమును బట్టే. మింగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు వంచాలని, తింటూ మాట్లాడకూడదని, నీళ్లు చెంచాతో తాగాలని నేర్పింది అక్కడి స్పీచ్ థెరపిస్టు. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు రాని పిల్లలకే అనుకున్నాను. మింగడం పరీక్షించేది కూడా వాళ్లేనట. ఏడాదిన్నరలో ఒక్కరు కూడా ఈ ముక్క చెప్పలేదు.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. మూడేళ్ల కింద జ్వరమొస్తే దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాం. ఈ జబ్బున్నవాళ్లకు వాడకూడని మందుల కార్డు మా ఆయన చూపించారు. జెంటామైసిన్ అందులో ఉంది, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ కూడా ఉన్నాయి. కార్డు చదవకుండానే టేబుల్ మీద పెట్టి జెంటామైసిన్ సూది వేశారు. ఆ రాత్రికి నా ఉమ్మి నేను మింగలేకపోయాను. గొంతులో నిండిపోతుంటే పక్కకు తిరిగి కార్చుకుంటూ ఉన్నాను, తెల్లారేసరికి ఊపిరి అందలేదు. అంబులెన్స్‌లో చెన్నై, వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులు. వచ్చిన ఖర్చుకు అరెకరం పోయింది. చదువుకున్నవాళ్లు ఒక కార్డు చదవడానికి ఎందుకు బద్ధకిస్తారు?

ఇక శిబిరం. తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకున్నాను, లేకపోతే బస్సులో తల నిలబడదు. పదిన్నరకు పిలిచారు. చేతులెత్తమన్నారు, కింద కూర్చుని లేవమన్నారు, పదడుగులు నడిపించారు. నాలుగు నిమిషాలు. నోరు తెరవమని కూడా అనలేదు. మింగలేనని చెబితే అది ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించుకోమన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వికలాంగత రకాలను 7 నుంచి 21కి పెంచింది. అందులో కండరాల క్షీణత ఉంది, దీర్ఘకాలిక నరాల జబ్బులూ ఉన్నాయి. కానీ మా జబ్బు పేరు లేదు, మింగలేకపోవడం అనే మాటే లేదు. ఈ రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6,000, తీవ్రమైన కండరాల క్షీణతకు 15,000. ఆ డబ్బు నాకు అవసరమే, దాచిపెట్టి మాట్లాడను. అయితే నేను ఎవరినీ మోసం చేయడానికి రాలేదు. నా మాత్ర పనిచేసే గంటలో నన్ను చూసి, నాకేమీ లేదని రాసుకున్నారు.

క్యూలో నా వెనక ఒంగోలు పక్క నుంచి వలస వచ్చిన ఒకాయన ఉన్నాడు. మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చుబడిపోయేది. మొదట నాలుక తడబడితే తాగాడనుకుని పని మాన్పించారట. ఇప్పుడు నీళ్లు తాగితే దగ్గు కూడా రావడం లేదని ఆయన భార్య సంతోషంగా చెప్పింది. దగ్గు రాకపోవడం మంచి గుర్తు కాదని, నీళ్లు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుండవచ్చని, న్యుమోనియా వచ్చేది అలాగేనని నాకు చెన్నైలో చెప్పారు. ఆ మాట ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది. అక్కడ అంతమంది డాక్టర్లు ఉండగా, పదో తరగతి చదివిన నేను.

మా కోసం శిబిరంలో ఒక నరాల డాక్టరును, మింగడం చూసే థెరపిస్టును కూర్చోబెట్టండి. సాయంత్రం ఎలా ఉంటుందో అడిగి కాగితం మీద రాయించండి. అరగ్లాసు నీళ్లు ఇచ్చి పక్కన నిలబడి చూసినా సగం తెలుస్తుంది. ఈ మాటలు కలెక్టరు గారికి కూడా పంపుతున్నాను.

మీ విలేకరి గారి మీద నాకు కోపం ఉంది, అయినా ఆయన్ను మా ఇంటికి రమ్మనండి. పొద్దున వద్దు. రాత్రి ఎనిమిదింటికి, నేను అన్నం పళ్లెం ముందు కూర్చునే వేళకు రావాలి. ఫోటో అప్పుడు తీసుకోమనండి, ఈసారి ముఖమే చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా.