మామిడి కొమ్మలు తోటల్లో తగలేస్తున్నాం, పక్కనే బ్యారన్లకు కట్టె లేదు

సంపాదకుల వారికి,

మామిడి కోతలు అయిపోయాయి. నూజివీడు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు తోటల్లో ఇప్పుడు కొమ్మలు కొట్టే పని నడుస్తోంది. సాయంత్రమైతే ఏ రోడ్డు మీద వెళ్లినా పొగే. చింతలపూడి దాటి వెళ్తే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం పొగాకు రైతులు బ్యారన్లలో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదుల్లో, కాల్చడానికి కట్టెల కోసం అవస్థ పడుతున్నారు. మా దగ్గర వృథాగా కాలేదాన్ని వాళ్ల పొయ్యిలకు చేర్చే దారి చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

మాది ఆరెకరాల బంగినపల్లి తోట, మా మామగారు వేసింది. పాత పద్ధతిలో ముప్పై మూడు అడుగుల ఎడంతో ఎకరానికి నలభై చెట్లు. ఇప్పుడు కొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటిగా ఉంటుంది. గాలీ వెలుతురూ లేకపోతే తేనెమంచు పురుగు తగ్గదు, పూత నిలవదు. అందుకే చెట్టు నడుమ కొమ్మలు తీసి ఎండ పడేలా చేయమని ఉద్యానశాఖ వాళ్లు చెబుతారు. అదీ ఆగస్టు లోపే చేయాలి. ఆలస్యమైతే కొత్త చిగురు ముదరక పూత సమయానికి అందదు.

కొట్టినవాటిలో లావు మొద్దులు కలప వ్యాపారులు కొనుక్కుపోతారు. మణికట్టు కంటే సన్నగా ఉన్న కొమ్మ, రెమ్మ మిగిలిపోతాయి. వాటిని అడిగే నాథుడు లేడు. ట్రాక్టర్ ట్రక్కు పైకంటా ఎత్తి తాడు బిగించినా తూకంలో ఏమీ రావు, సందుల్లో ఉండేదంతా గాలే. కూలీలను పెట్టి ఎత్తించి, డీజిల్ పోసి తోలితే చేతి డబ్బు వదులుతుంది. అందుకని తోటలోనే నిప్పు పెట్టేస్తారు. పచ్చి కర్ర కాబట్టి ఒక్కసారిగా మండదు, రెండు మూడు రోజులు పొగలు కక్కుతూనే ఉంటుంది. దగ్గర చెట్ల కింది కొమ్మలకు సెగ తగిలి ఆకు మాడిపోతుంది, పైపైన ఉండే పీచు వేర్లు చచ్చిపోతాయి. కాండం తొలిచే పురుగు పట్టినవాటిని, ఎండు తెగులు సోకినవాటిని తగలబెట్టాల్సిందేనని అధికారులే అంటారు. నేనూ కాదనను. ఆ కాలేదేదో పొయ్యిలో కాలితే పురుగూ చస్తుంది, వేడీ పనికొస్తుంది.

మా తమ్ముడు కొయ్యలగూడెం దగ్గర వర్జీనియా పొగాకు వేస్తాడు. కిలో పొగాకు క్యూరింగ్‌కు, అంటే ఆకు ఆరబెట్టడానికి, నాలుగైదు కిలోల కట్టె కాల్చాలి. ఏటా ఆ ఖర్చు చూసి వాడికి టెన్షన్. "మా కొమ్మలు తీసుకుపోరా" అన్నాను. "సన్న కర్ర బ్యారన్‌కు పనికిరాదక్కా. మంట గబుక్కున లేస్తుంది, గబుక్కున పడిపోతుంది. ఆకు పసుపు తిరిగేటప్పుడు లోపల వేడి నిదానంగా ఒకే తీరున ఉండాలి. రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని రెమ్మలు వేసేదెవరు? వేడి ఎగదన్నిందంటే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది" అన్నాడు. వాడి మాట నిజమే. కొమ్మలను కొమ్మలుగానే పంపాలనుకుంటే ఈ పని ఎప్పటికీ జరగదు.

వాటిని తోటలోనే శ్రెడర్‌తో ముక్కలు చేసి, ఆరబెట్టి, బ్రికెట్లుగా, అంటే గట్టి దిమ్మలుగా నొక్కాలి. గట్టిగా నొక్కిన దిమ్మ సన్న కర్రలా గబుక్కున మండి ఆరిపోదు. జిగురు కలపనక్కర్లేదు. యంత్రం ఒత్తిడికి, వేడికి కర్రలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థమే మెత్తబడి పొడిని పట్టేస్తుంది. కాకపోతే తేమ పది, పన్నెండు శాతానికి మించకూడదు. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే కాబట్టి ఆరబెట్టడమే అసలు పని. ఇక్కడ కాలం మనకు కలిసొస్తుంది. జూలైలో కొట్టిన కొమ్మ వానలు తగ్గాక దసరా, దీపావళి ఎండలకు ఆరుతుంది. బ్యారన్లు రాజేసేది సంక్రాంతి ప్రాంతంలో. బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. మన థర్మల్ కేంద్రాల్లో వాడే నాసిరకం బొగ్గు కూడా ఇంచుమించు అంతే.

బొగ్గుతో పాటు 5 శాతం బయోమాస్ పెల్లెట్లు (పంట వ్యర్థాలను నొక్కి చేసిన గుళికలు) కాల్చాలని కేంద్రం 2021లో థర్మల్ కేంద్రాలకు విధానం తెచ్చింది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మాకు మరీ దూరం కాదు కదా, అక్కడికి పంపొచ్చని కొందరంటున్నారు. పంపితే మంచిదే. కానీ అంత పెద్ద కొనుగోలుదారు అడిగే లెక్కకు, నాణ్యతకు ఆరెకరాల రైతు తూగడం కష్టం. మా సరుకుకు ముందు దగ్గర్లో, మాలాంటి రైతే కొనేవాడుగా కావాలి.

మామిడి ఆకు మాత్రం తోట దాటి పోకూడదు. కొమ్మలను నాలుగు రోజులు అలాగే వదిలేస్తే ఆకు వాడి రాలుతుంది, పాదుల్లో వేస్తే కుళ్లి ఎరువవుతుంది. ఆకు కలిస్తే బ్రికెట్లో బూడిద కూడా ఎక్కువవుతుంది. ఇది ముందే చెప్పకపోతే తూకం కోసం ఆకుతో సహా ఊడ్చి పంపేవాళ్లుంటారు.

వరి కోత యంత్రం లాగా శ్రెడర్ కూడా గంటకింత అని అద్దెకు దొరికితే రైతులు నిప్పు పెట్టరు. మండలానికి ఒకటైనా యంత్రాల అద్దె కేంద్రాల్లో పెట్టించాలని ఉద్యానశాఖను కోరుతున్నాను. చింతలపూడి పరిసరాల్లో ఎవరైనా రైతు సంఘం బ్రికెట్ యూనిట్ పెడితే పొగాకు బోర్డు ముందుకొచ్చి నాలుగైదు బ్యారన్లలో ఒక సీజన్ కాల్చి చూపించాలి. ఆకు రంగు చెడలేదని కళ్లారా చూస్తే తప్ప మా తమ్ముడే కొనడు, మిగతావాళ్లు ఎందుకు కొంటారు?

ఈ ఏడాది మా తోటలో నిప్పు పెట్టనివ్వలేదు. కొట్టిన కొమ్మలన్నీ గట్టు పక్కన కుప్ప వేయించాను. ఉద్యానశాఖ వాళ్లు శ్రెడర్ తెచ్చి ప్రయోగం చేస్తామంటే ఆ కుప్ప మొత్తం ఉచితంగా ఇస్తాను, ఎత్తే కూలి కూడా నేనే పెట్టుకుంటాను.

– ఒక మహిళా రైతు, చాట్రాయి మండలం