గోల్ ఆపినవాడి పేరు కూడా వేయండి

ఎడిటర్ గారికి,

పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో పీఈటీగా చేసి రిటైరయ్యాను, ఇప్పటికీ సాయంత్రాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. పేపర్లో స్కూల్ మ్యాచ్‌ల వార్త వస్తే గోల్ కొట్టిన పిల్లాడి పేరే ఉంటుంది. అందుకే మా దగ్గరికొచ్చే ప్రతివాడూ "ఫార్వర్డ్ ఆడతాను సార్" అంటాడు, బ్యాక్ ఆడరా అంటే మొహం మాడ్చుకుంటాడు.

వాళ్ళకి నేను సయ్యద్ నయీముద్దీన్ గారి గురించి చెబుతుంటాను. హైదరాబాద్ ఆయన, డిఫెండర్, అంటే గోల్ పడకుండా అడ్డుకునే బ్యాక్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మన కెప్టెన్. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు, ఆ ఒక్క గోలూ చివరిదాకా నిలిచిందంటే వెనకాల బ్యాక్‌లు గట్టిగా నిలబడబట్టే కదా! ఆ తర్వాత ఇంతవరకూ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి పతకం లేదు. ఆయనకి 1980లో అర్జున, కోచ్ అయ్యాక 1990లో ద్రోణాచార్య వచ్చాయి. ఆ 1990లోనే కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ టోర్నీలు మూడూ గెలిపించారు. 2005లో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచిన ఇండియా టీంకీ ఆయనే కోచ్. డిఫెండర్ మంచి కోచ్ అవడంలో ఆశ్చర్యం లేదండీ, వెనక నిలబడేవాడికి గ్రౌండంతా కళ్ళెదురుగానే ఉంటుంది, ఎవడు చోటు వదిలాడో ముందు వాడికే తెలుస్తుంది.

పోయిన వేసవిలో దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేశాక చేలోనే ఆడించాను. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఒట్టి కాళ్ళతో మోళ్ళ మీద బ్యాక్ ఆడుతూ, ఎదురొచ్చేవాడి మీద పడిపోకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ, బంతినే చూస్తూ, అవతలివాడు దాన్ని జానెడు ఎక్కువ తోసుకోగానే కాలు పెట్టి లాగేసుకున్నాడు. మడమ గీసుకుపోయి రక్తం కారుతున్నా చూసుకోలేదు. తర్వాత మండల పోటీల్లో వాడే రెండు గోల్స్ ఆపాడు, గెలిచాం. మర్నాడు పేపర్ రెండుసార్లు తిరగేసి, మడిచి నా చేతికిచ్చేశాడు, ఏమీ అనలేదు.

దయచేసి మ్యాచ్ వార్తలో బ్యాక్ ఆడినవాళ్ళ పేర్లకి ఒక్క లైను ఇవ్వండి. నయీముద్దీన్ గారి మీద ఫోటోతో అర పేజీ వేస్తే, అది కత్తిరించి మేం బంతులు పెట్టుకునే గది తలుపుకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా