పాలు పడలేదని డబ్బా చేతిలో పెడితే ఎట్లా?

సంపాదకుల వారికి,

ఈమధ్య మా అమ్మాయికి తిరుపతిలోని ఒక ప్రైవేటు నర్సింగ్‌ హోంలో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. రెండో రోజు పొద్దున బిడ్డ ఏడుపు ఆపకపోతే నర్సు వచ్చి చూసి, "ఈమెకు పాలు పడలేదు" అని తేల్చేసింది. కాసేపటికే డబ్బాపాల చీటీ మా అల్లుడి చేతికొచ్చింది. నాలుగు వందల పైచిలుకు పెట్టి కొనుక్కొచ్చాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరు మాత్రం తేరు? 'తల్లిపాలే శ్రేష్ఠం' అని గోడకు పోస్టరుంది. దాని కిందే కూర్చుని డబ్బా మూత తీశాడు.

రెండో రోజుకే పాలు ధారగా రావు. వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుప్పచ్చగా, చెంచానో రెండు చెంచాలో. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపుకు పూటకు అంతే చాలు. ఆపరేషనైతే పాలు పడడం ఇంకాస్త ఆలస్యం కావచ్చు. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బాపాలతో కడుపు నింపి పడుకోబెడితే చీకేదెవరు, ఊరేదెట్లా? నాలుగు రోజులు పోతే ఆ నర్సు మాటే నిజమై కూర్చుంటుంది.

మా వీధిలో రిటైరైన ఏఎన్ఎం ఒకామె ఉన్నారు. ఇంటికొచ్చాక ఆమెను పిలిస్తే అరగంట పక్కన కూర్చున్నారు. మా అమ్మాయి కుట్ల నొప్పికి ముందుకు వంగలేక బిడ్డ నోటికి చనుమొన కొస మాత్రమే అందిస్తోంది. దిండు సర్ది, బిడ్డను చంక కింది నుంచి పట్టుకోమని, నోరు బాగా తెరిచాక నల్లటి భాగమంతా అందేలా పెట్టమని చూపించారు. అంతే. బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు నాకే వినిపించింది.

డబ్బాపాలు విషమని నేననను. ఆవుపాలను బిడ్డకు తగినట్టు మార్చి, విటమిన్లు, ఇనుము కొలత ప్రకారం కలుపుతారు. తల్లి లేని బిడ్డకు, తల్లి కొన్ని రకాల మందులు వాడాల్సి వచ్చినప్పుడు అవే దిక్కు. తల్లిపాలలో విటమిన్ డి తక్కువే, అందుకే డాక్టర్లు చుక్కలు రాస్తారు. కానీ విరేచనాల నుంచి, న్యుమోనియా నుంచి కాపాడే యాంటీబాడీలు తల్లి ఇవ్వాల్సిందే, ఏ డబ్బాలోనూ రావు. పైగా పొడిలో క్రిములుండవన్న భరోసా లేదు. కాచిన నీళ్లు డెబ్బై డిగ్రీలకు తగ్గకముందే కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి. మా బంధువుల్లో ఒకామె డబ్బా నెలాఖరు దాకా రావాలని మూడు స్కూపులు వేయాల్సిన చోట రెండే వేసేది. బిడ్డ బరువు పెరగక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే గానీ సంగతి బయటపడలేదు.

1992లో వచ్చి 2003లో గట్టిపడిన చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లల డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, ఆసుపత్రిలో వాటి ప్రచారం చేయకూడదు. దాని అమలు చూడాల్సిన అధికారులు తిరుపతి, చిత్తూరు నర్సింగ్‌ హోంలకు ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు కట్టడానికి కాక, మామూలు రోజుల్లో వెళ్లాలి. డబ్బా రాసిన ప్రతిసారీ కారణం కేస్ షీటులో ఉందా, బిడ్డ బరువు, మూత్రం చూసే రాశారా అని అడగాలి. ప్రతి కాన్పుల వార్డులో బాలింత పక్కన అరగంట కూర్చుని పాలు పట్టించడం నేర్పే మనిషి ఒకరుండాలి.

ఒక అమ్మమ్మ,
కొర్లగుంట, తిరుపతి