వార్షిక నివేదిక: ఈ ఏడాది మన చరిత్ర విభాగం

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈసారి ఎక్కువ చోటు చరిత్ర విభాగానికే ఇస్తున్నాం. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఇళ్లు కట్టుకున్న మనం ఇక్కడి రైతుల కథ తెలుసుకోవాలన్నది కార్యవర్గం పట్టుదల.

మే సభలో మసల్ స్లూ ఘటన మీద, అంటే 1880లో ఇక్కడి రైతులకూ రైలు కంపెనీకీ మధ్య భూముల గొడవలో జరిగిన కాల్పుల మీద, చర్చ పెట్టాం. తర్వాత పిల్లలతో కలిసి హాన్‌ఫర్డ్ సమీపంలోని స్మారక ఫలకం చూసి వచ్చాం. రైలు మార్గం వేసినందుకు ప్రభుత్వం సదరన్ పసిఫిక్ కంపెనీకి ఇక్కడ బేసి నంబరు సెక్షన్ల (ఒక్కో సెక్షన్ అంటే చదరపు మైలు) భూములిచ్చింది. ఎకరం రెండున్నర డాలర్ల నుంచి అమ్ముతామని కంపెనీ కరపత్రాలు పంచింది. ఆ మాట నమ్మి రైతులు బీడు దున్నారు, కింగ్స్ నది నుంచి కాలువలు తవ్వుకున్నారు. తీరా భూమి హక్కు పత్రాలిచ్చే వేళకి కంపెనీ ధర 17 నుంచి 40 డాలర్ల దాకా చెప్పింది. రైతులు తమ చెమటతో పెంచిన విలువకు తామే డబ్బు కట్టాలన్నమాట! ఇది చట్టబద్ధమే కావచ్చు, న్యాయం మాత్రం కాదు.

1878లో రైతులు లీగ్‌గా ఏర్పడ్డారు. 1879 చివర్లో ఫెడరల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. 1880 మే 11న భూములు స్వాధీనం చేయించడానికి మార్షల్ (ఫెడరల్ కోర్టు ఆదేశాలు అమలు చేసే అధికారి) వచ్చినప్పుడు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. వారిలో ఐదుగురు రైతులు, ఇద్దరు కంపెనీ పక్షాన వచ్చినవాళ్లు. మార్షల్‌ను అడ్డుకున్నారని ఐదుగురు రైతులకు శాన్ హోసేలో ఎనిమిది నెలల జైలు పడింది. 1881లో వాళ్లు తిరిగొస్తే ఊరు ఊరంతా ఎదురెళ్లింది.

ఆ కుటుంబాల్లో చాలామంది చివరికి కంపెనీ చెప్పిన ధరకే కొనుక్కున్నారు, లేదా వదిలి వెళ్లిపోయారు. ఈ మాట దగ్గర మన పెద్దవాళ్లు చాలాసేపు మాట్లాడారు. భూసేకరణ చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త బాధ కాదు.

వచ్చే ఏడాది గ్రేంజ్ ఉద్యమం (అమెరికా రైతు సంఘాల ఉద్యమం), ధాన్యం గిడ్డంగుల రేట్లను రాష్ట్రాలు నియంత్రించవచ్చన్న 1877 నాటి మన్ వర్సెస్ ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తీర్పు, రైలు కంపెనీలను నియంత్రించిన 1887 అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం మీద సభలు పెడతాం. మాట్లాడదలచినవారు కార్యదర్శికి పేరివ్వండి.