యానాది పిల్లల కాగితాల గురించి గిరిజన సంక్షేమ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారములు.

నెల్లూరు జిల్లాలో యానాది కుటుంబాల మధ్య పనిచేస్తున్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యకర్తగా ఈ లేఖ రాస్తున్నాను. సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పడం, జబ్బుపడ్డవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం, అడ్వాన్సు తీసుకుని రొయ్యల చెరువుల కాపలాకో బాతులు మేపడానికో వెళ్లిపోయిన కుటుంబాల ఆచూకీ కనుక్కుని పిల్లలను తిరిగి బడికి రప్పించడం మా పని. నిజం చెప్పాలంటే, వీటన్నిటికంటే మాకు ఎక్కువ రోజులు పట్టేది కార్యాలయాల ముందు కూర్చోవడానికే.

మా దగ్గరకు వచ్చే పదకొండేళ్ల పాప ఒకతె రొయ్యల చెరువు గట్టు మీద గుడిసెలో పుట్టింది. పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. బడికి తీసుకువెళితే ఆధార్ అడిగారు. ఆధార్‌కు వెళితే జనన ధ్రువపత్రం అడిగారు. కుల ధ్రువపత్రానికి వెళితే తండ్రి చదువుకున్న బడి నుంచి కాగితం తెమ్మన్నారు. ఆ తండ్రి గానీ, తాత గానీ బడి గడప తొక్కినవారు కారు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా, ఆ సంగతి చెప్పడానికి మేము నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. మేము లేని కాలనీల్లో ఎవరు తిరుగుతారు?

ఈ ఇబ్బంది ఇకముందు ఇంకా పెరుగుతుంది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడి ప్రవేశం మొదలుకొని అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఇప్పుడు గట్ల మీద పుడుతున్న పిల్లలు మరి ఐదారేళ్లలో బడి ఈడుకు వస్తారు.

కాగితం అడగడం తప్పని నేను అనడం లేదు. అయితే అడిగే తీరులో పాత అనుమానం ఒకటి మిగిలి ఉందని మాత్రం మనవి చేస్తున్నాను. 1871లో బ్రిటిష్‌వారు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. యానాదుల్లో కొన్ని సమూహాలకూ ఆ ముద్ర పడింది. నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1952లో చట్టం రద్దయింది కానీ, ఊళ్లో మోటారు పోతే తెల్లారేసరికి పోలీసులు వచ్చేది నేటికీ మా కాలనీకే. అలా ఒక తెల్లవారుజామున తండ్రిని తీసుకుపోవడం చూసిన పిల్లవాడొకడు, యూనిఫాం వేసుకున్న ఎవరిని చూసినా తాటితోపులోకి పారిపోతాడు. వాడిని మళ్లీ పలక ముందు కూర్చోబెట్టడానికి మాకు నెల పట్టింది.

అందువల్ల తమకు మా విన్నపం ఒక్కటే. కుటుంబాలను కార్యాలయాలకు రప్పించడం మాని, రెవెన్యూ, విద్య, ఆరోగ్య శాఖల సిబ్బందిని గ్రామ సచివాలయ ఉద్యోగులతో కలిపి కాలనీలకే పంపించండి. వరి కోతల వేళ ఎలుకలు పట్టడానికి చాలామంది ఊళ్లోనే ఉంటారు కనుక శిబిరాలు అప్పుడు పెట్టండి. చదువుకున్న కాగితం లేనివారికి కాలనీ పెద్దల వాంగ్మూలం, స్థానిక విచారణల ఆధారంగా కుల ధ్రువపత్రం ఇవ్వమని తహసీల్దార్లకు రాతపూర్వకంగా ఆదేశాలు ఇప్పించండి. ఆలస్యంగా జరిగే జనన నమోదుకు అనుమతి ఇచ్చే అధికారి కూడా అదే రోజు అక్కడ ఉండేట్టు చూడండి. ఏ గుడిసెలో ఎందరు పిల్లలున్నారో మేము రాసి పెట్టుకున్న పుస్తకాలు ఉన్నాయి. శిబిరం తేదీ తెలియజేస్తే వాటితో సహా వచ్చి సిబ్బందికి తోడు నడుస్తాము.

భవదీయుడు,
స్వచ్ఛంద సంస్థ కార్యకర్త,
నెల్లూరు జిల్లా